రాఘవరావు రాత్రి, రామయ్య ఊరు

సెప్టెంబరు 17 దగ్గర పడితే తెలంగాణలో వాదనలకు కరువుండదు. హైదరాబాదు సంస్థానం భారత్‌లో చేరడం విమోచనమా, విలీనమా అని మొదలై ఎక్కడికో పోతుంది. బీబీపేటలో నేను విన్న వాదన వేరే తీరుది. ఊళ్లో తెలుగు చెప్పే టీచరమ్మ ఆ రోజున పదో తరగతి పిల్లలకు 'మా భూమి' సినిమా చూపిద్దామనుకున్నారు. ఒకప్పుడు ఆమెకు పాఠాలు చెప్పి రిటైరైన ఉర్దూ సారు వద్దన్నారు. సినిమా మంచిది కాదని కాదు. దాని వెనక ఒక నవల ఉందని, సినిమా ముందు చూసిన పిల్లలు ఇక ఆ నవల జోలికి పోరని ఆయన బాధ.

నవల పేరు 'జబ్ ఖేత్ జాగే'. రాసింది ఉర్దూ రచయిత కిషన్ చందర్. తెలంగాణ సాయుధ పోరాటం వేడి ఇంకా చల్లారని కాలంలో బొంబాయిలో ఉండి రాశాడు. సినిమా బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించింది. బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్‌కు అదే మొదటి కథాచిత్రం. 1980లో థియేటర్లకు వచ్చింది. 1977లోనే కన్నుమూసిన కిషన్ చందర్ దాన్ని చూడలేదు.

వాళ్లిద్దరి మాటలూ వీలైనంత వరకు ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను. నేను ఎవరి వైపో మధ్యలో చెప్తాను, దాచను.

ఉర్దూ సారు: ముందు ఒక్క సంగతి చెప్పు బిడ్డా. ఆ నవల నిలబడ్డది దేనిమీద? ఒక్క రాత్రి మీద. రాఘవరావుకు ఇరవై రెండేండ్లు. తెల్లారితే ఉరి. జైలు గదిల కూసొని తన బతుకంతా ఒక్కొక్కటే తలుసుకుంటడు. నాయన వీరయ్యను తలుసుకుంటడు. వెట్టి చేసిన చేతులను తలుసుకుంటడు. తను మనసిచ్చిన చంద్రిని తలుసుకుంటడు. చదివేటోనికి మొదటి నుంచే ఎరుక, వీడు పొద్దుగాల ఉండడని. అందుకే వాడు యాది చేసుకునే చిన్న సంగతి కూడా మనకు పెద్దగా కనబడుతది. సినిమాల ఆ రాత్రి ఏది?

తెలుగు టీచర్: లేదు సార్. రాఘవరావు పేరు కూడా లేదు. రామయ్య అయిండు. కథ వెనక్కి పోదు, ముందుకే నడుస్తది. సిరిపురం అనే ఊరు, అక్కడ దొర, గడి, వెట్టి. రామయ్య ఊరు విడిచి సూర్యాపేట, ఆడికెల్లి హైదరాబాదు పోతడు. మళ్ల ఊరికొచ్చి సంఘంల కలుస్తడు. కావాలనే అట్ల చేసిన్రు. నవలల ఒక మనిషి తన ఊరిని తలుసుకుంటడు. సినిమాల ఊరే తనను తాను చూసుకుంటది.

ఉర్దూ సారు: మాట బాగుంది. కానీ పోయిందేందో చూడు. ఆ రాత్రి పోతే మనిషి లోపలి మాట పోయింది. మన నిజామాబాద్ ఖిల్లా జైలును తలుసుకో. బీబీపేట నిన్నమొన్నటిదాక ఆ జిల్లానే గదా, 2016ల కామారెడ్డి జిల్లా అయ్యేదాక. ఆ జైల్ల దాశరథి గోడల మీద బొగ్గుతోని పద్యాలు రాసిండు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. జైల్ల మనిషికి ఊరు ఉండదు, జనం ఉండరు, మిగిలేది తన మనసొక్కటే. కిషన్ చందర్ పట్టుకున్నది దాన్ని. ఏ కెమెరా పట్టుకుంటది చెప్పు?

తెలుగు టీచర్: కెమెరా లోపలికి పోలేదు, ఒప్పుకుంట. కానీ సార్, రాఘవరావు అంత లోపలికి ఆలోచించుకున్నది ఏ భాషల? వెట్టి చేసేటోని కొడుకు ఉర్దూల తలుసుకుంటడా? మా నాయనమ్మ వెట్టి చూసిన మనిషి. ఆమెకు ఉర్దూ రాదు, తెలుగు చదువు కూడా రాదు. ఆ నవల ఆమె గురించి. ఆమెకే అందలేదు.

ఇక్కడ సారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట ఆ సాయంత్రం మొత్తంలో నన్ను అన్నిటికన్నా కదిలించింది.

ఉర్దూ సారు: ఉర్దూను పరాయిది చెయ్యకు బిడ్డా. నిజాం కాలంల రైతు మీద రాసిన కాయితమంతా ఉర్దూలనే ఉండె. పహాణీ ఉర్దూల, నోటీసు ఉర్దూల, కోర్టు తీర్పు ఉర్దూల. 1918ల పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీల చదువే ఉర్దూల. రైతుకు ఆ అక్షరం కనబడితే భయం. అసొంటి భాషల, అదే లిపిల, రైతు పక్షాన ఒక పుస్తకం రాసిండ్రు. నోటీసు రాసిన భాషనే రైతుకు సాక్ష్యం చెప్పింది. అది చిన్న సంగతా? ఇంకోటి. కిషన్ చందర్‌కు హైదరాబాదు తెల్వదనుకోకు. 1945ల అభ్యుదయ రచయితల మహాసభకు ఇక్కడికొచ్చిండు, ఆ ప్రయాణం మీద 'పౌదే' అని ఒక పుస్తకమే రాసిండు.

తెలుగు టీచర్: సాక్ష్యం చెప్పింది సార్, కాదంట లేను. కానీ ఎవరి ముంగట చెప్పింది? బొంబాయిల, లక్నోల, ఢిల్లీల చదువుకున్నోళ్ల ముంగట. బాధితుడు విననే లేదు. సినిమా ఆ సాక్ష్యాన్ని ఊరికి తెచ్చింది. అదీ ఊరి మాటతోని. అప్పటిదాక తెలుగు సినిమాల తెలంగాణ మాట మాట్లాడినోడు ఎవడు? నౌకరు, రౌడీ, నవ్వించేటోడు. 'మా భూమి'ల ఆ మాట మాట్లాడుకుంట మనుషులు భూమి అడిగిన్రు, ఏడ్చిన్రు, సచ్చిపోయిన్రు. ఎవరూ నవ్వలేదు. 

ఉర్దూ సారు: ఆ మాట నేర్పింది బయటోళ్లే కదా! బొంబాయిల కూసొని రాసిండని ఒకాయనను అంటున్నవు. నీ దర్శకుడు కలకత్తా మనిషి, తెలుగు రాదు. రామయ్య వేషమేసిన సాయిచంద్ త్రిపురనేని గోపీచంద్ కొడుకు, అంటే కోస్తా. పాటలకు సంగీతం చేసిన వింజమూరి సీతాదేవి కూడా ఆ దిక్కే. నటి శకుంతలమ్మది మహారాష్ట్ర.

తెలుగు టీచర్: ఆ శకుంతలమ్మకు ఇదే మొదటి సినిమా. ఆమె పేరు ముంగట 'తెలంగాణ' అని చచ్చేదాక నిలబడ్డది. మాట ఆమెను తనదాన్ని చేసుకున్నది సార్. గౌతమ్ ఘోష్ సంగతికొస్తే, తెలుగు రాకపోవచ్చు, ఆకలి తెల్వదా? ఈ సినిమాకు ముందు ఆయన తీసిన డాక్యుమెంటరీ 'హంగ్రీ ఆటమ్', బెంగాల్ కరువు మీద. మీ కిషన్ చందర్ రాసిన 'అన్నదాత' కూడా బెంగాల్ కరువు మీదనే గదా. ఇద్దరూ ఒక్క తొవ్వల నడిచినోళ్లే. ఇగ ఇంటి మనిషి నర్సింగరావు ఉండనే ఉన్నడు, గజ్వేల్ పక్క ప్రజ్ఞాపూర్. షూటింగ్ చేసింది మనకు పక్క జిల్లా మెదక్ల, మంగళపర్తిల. ఆ గోడలు, ఆ మనుషుల మొఖాలు సెట్టు వేస్తే వస్తయా?

నేను ఆమె పక్షాన ఒక మాట చేర్చాలి. పరాయి కథను తెలుగులో తీసినంత మాత్రాన అది తెలుగు కథ అయిపోదు. మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ 'కఫన్' తీసుకుని 1977లో 'ఒక ఊరి కథ' తీశాడు. గొప్ప సినిమా. కానీ ఆ తండ్రీకొడుకులు ఏ ఊళ్లోనైనా ఉండగలరు, అదే ఆ కథ బలం. 'మా భూమి' అట్లా కాదు. అది తెలంగాణ తప్ప ఇంకెక్కడా నిలవదు. మన కథే ఉర్దూలో బొంబాయి పోయి, ముప్పయ్యేళ్లకు ఇంటికి వచ్చింది. వచ్చేటప్పుడు మన నేల మీద మొలిచిన పాటలను కూడా తోడు తెచ్చుకుంది. పేరు సైతం ఇక్కడిదే. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకాన్ని 1940లలో ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. సినిమా కథ ఆ నాటకానిది కాకపోయినా పేరు దానిదే.

ఉర్దూ సారు: పాటలన్నవు గనుక చెప్తున్న. అక్కడనే సినిమా తప్పు చేసింది. బండి యాదగిరి పాట 'బండెనక బండి కట్టి'ని గద్దర్ తెర మీదికొచ్చి పాడిండు. ఊళ్లె ఎవర్నన్న అడుగు, ఆ పాట రాదనేటోడు దొరకడు. రామయ్య ఎవడని అడుగు. ఎందరికి యాదికుంది? పాట కథానాయకున్ని మింగింది. నవలల అట్ల కాదు. ఒక్కసారి చదివినోడు రాఘవరావును సచ్చేదాక మరిచిపోడు.

తెలుగు టీచర్: రామయ్యను మరిచి పాటను యాదుంచుకున్నరంటే గెలిచినట్టే సార్. ఆ పాట సినిమా కోసం రాసింది కాదు, పోరాటంల పుట్టింది. సుద్దాల హనుమంతు 'పల్లెటూరి పిల్లగాడా' కూడా అంతే, పసులు కాసే పిల్లగాని మీద రాసిన పాట. నవల ఎంత గొప్పదైనా ఆ గొంతును పేజీల పెట్టలేదు. పసులు కాసే పిల్లగాడు అంటే నా క్లాసుల పిల్లలకు వాళ్ల తాతనే యాదికొస్తడు. మీరు నవల చదివి వినిపిస్తే ఒక ఇరవై రెండేండ్ల పిల్లగాని కోసం ఏడుస్తరు. పాట వింటే తమ ఇంట్లోళ్ల కోసం ఏడుస్తరు.

ఉర్దూ సారు: ఏడ్సుడే కావాల్నా? ఆలోచన వద్దా?

తెలుగు టీచర్: ఆలోచన కూడా వస్తది సార్. సినిమా చూసి ఏం జరుగుతదో మన మండలంల ఎవరికి తెల్వది? 'శ్రీమంతుడు' చూసిన స్ఫూర్తితోని ఒక దాత సర్కారు బడికి సుమారు 6 కోట్ల రూపాయలతోని భవనం కట్టిచ్చిండు. 2021 నవంబరుల కేటీఆర్ వచ్చి ప్రారంభించిండు. ఏ నవల చదివి ఎవరు బడి కట్టిన్రు?

ఉర్దూ సారు: బడి కట్టింది ఆ మనిషి మనసు. సినిమా గుర్తు చేసింది, అంతే. ఆ 'శ్రీమంతుడు' సంగతే తీసుకో. తన నవల 'చచ్చేంత ప్రేమ'ల నుంచే ఆ కథ తీసుకున్నరని ఒక రచయిత కోర్టుకు పోయిండు. దర్శకుడు కాదన్నడు. 2024 జనవరిల సుప్రీంకోర్టు దాక పోయింది. ఎవరిది నిజమో తేల్చేది కోర్టు, మనం కాదు. నేను చెప్పేదేందంటే, సినిమా ఎంత పెద్దగైనా, రాసినోడు ఎక్కడో ఒక తాన నిలబడి నా మాట ఏదని అడుగుతడు. 'మా భూమి' పోస్టరు చూసినోళ్లల్ల కిషన్ చందర్ పేరు ఎందరు చదివిన్రు?

ఈ మాటకు టీచరమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. సినిమా చూసి పొంగిపోయే మనలో చాలామంది మూల రచయిత పేరు దగ్గర ఆగరు. ఆగాలి.

అక్కడి నుంచి మాట మక్బూల్ మీదికి పోయింది. హైదరాబాదు చేరిన పల్లెటూరి పిల్లవాడికి కళ్లు తెరిపించే కార్మిక నాయకుడు మక్బూల్. ఈ ఒక్కచోట ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడారు.

ఉర్దూ సారు: సెప్టెంబరు వచ్చిందంటే నాకు ఒక తీరు భయమైతది బిడ్డా. రజాకార్ల పేరుతోని మా పిల్లలను చూసే చూపు మారుతది. ఈ కథల దొర హిందువు, వానికి అండ నిజాం సర్కారు. రైతుకు అక్షరం, సంఘం చూపిచ్చినోడు మక్బూల్. మఖ్దూం మొహియుద్దీన్ అసొంటి కవి, కార్మిక నాయకుడు నడిచిన పట్నం అది. కామారెడ్డిగూడెంల భూమి కోసం దేశ్‌ముఖ్ మీద కోర్టుల కొట్లాడి గెలిచి, అదే భూమి కోసం ప్రాణమిచ్చిన షేక్ బందగీ ఎవరు? మన కామారెడ్డి కాదు, ఆ ఊరు దేవరుప్పుల పక్కన. పిల్లలకు ఇది చెప్పాలె. నవలల మక్బూల్ మాట్లాడుతడు, రాఘవరావు మనసుల ఉరి కాడిదాక ఉంటడు. సినిమాల వచ్చిపోతడు.

తెలుగు టీచర్: వచ్చిపోయినా కనబడతడు సార్. మీరు చెప్పినదంతా నా పిల్లలు చదువుతరో లేదో తెల్వదు. మక్బూల్, రామయ్య ఒక్క తాన కూసున్నది కండ్లతోని చూస్తరు. ఈ కాలంల ఆ చూసుడు కావాలె.

ఉర్దూ సారు: చూసుడు కావాలె. ఒప్పుకున్న. కానీ ముగింపు ఒప్పుకోను. నవల ఉరికంబం కాడ ముగుస్తది. అది ఊహించి రాసింది కాదు. యూనియన్ సైన్యం వచ్చినంక తెలంగాణ రైతులకు నిజంగనే ఉరిశిక్షలు పడ్డయి. పన్నెండు మంది. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చి వాదించిండు, దేశదేశాల నుంచి గొంతులు లేచినయి, ఆఖరికి ఉరి తప్పింది. ఉరి అంటే ఏంది? సర్కారు చల్లగ కూసొని, కాయితం మీద రాసి, సంతకం పెట్టి ఒక పిల్లగాన్ని చంపుడు. ఆ చల్లదనాన్ని కిషన్ చందర్ చూపిచ్చిండు. సినిమాల రామయ్య కొట్లాటల పోతడు. కొట్లాటల పోయిన మనిషిని చూస్తే కోపమొస్తది, ఆ కోపం ఇంటికి పోయేసరికి సల్లారుతది. ఉరి తీసినోని కథ సల్లారదు.

తెలుగు టీచర్: ఆ పన్నెండు మందికి కోర్టన్న ఉన్నది సార్. వాదించేటోడు సముద్రం దాటి వచ్చిండు. ఊళ్లల్ల పోయినోళ్లకు? సుందరయ్య రాసిన లెక్కల 3,000 ఊళ్లల్ల 10 లక్షల ఎకరాలు పంచిన్రు. ప్రాణమిచ్చినోళ్లు 4,000 మంది. వాళ్లల్ల ఎందరికి తీర్పు కాయితం ఇచ్చిన్రు? అడవిల, చేన్ల, ఇంటి ముంగట చంపిన్రు. రామయ్య సావు వాళ్ల సావు. ఉరికంబం ఎక్కినోనికి పేరుంటది, తారీఖుంటది. సినిమా పేరు లేనోళ్ల దిక్కు నిలబడ్డది.

ఉర్దూ సారు: అందుకని ఒకని మనసును బలిస్తవా?

తెలుగు టీచర్: బలియ్యలేదు సార్. నవల రాసేనాటికి పోరాటం కండ్ల ముంగట ఉన్నది. ఏమైతదో ఎవరికీ తెల్వదు. సినిమా తీసిన్నాటికి ముప్పయ్యేండ్ల సంగతి తెలుసు. 1951 అక్టోబరుల పోరాటం విరమించిన్రు. పారిపోయిన దొరలు కద్దరేసుకొని గడీలకు తిరిగొచ్చిన్రు. 1978ల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, అంటే అప్పటికీ రైతుకూలీలు దొరల మీద కొట్లాడవట్టె. ఆ మరుసటేడు సినిమా పూర్తయింది. తిరిగొచ్చిన దొరను తెర మీద చూపిస్తే అది 1948 ముచ్చట కాదు, థియేటర్ల కూసున్నోని ఊరి ముచ్చట. ఇంత తెలిసినంక నవలను ఉన్నదున్నట్టు తీస్తే అబద్ధమైతుండె.

నేను ఎవరి వైపో చెప్తానన్నాను. ముగింపు విషయంలో నేను పూర్తిగా ఆమె వైపు. నవలకు కట్టుబడటమే మంచి సినిమాకు గీటురాయి అని మనం అనుకుంటూ ఉంటాం, పాత్ర పేరు మారిస్తేనే తప్పు పడతాం. నవల ఏ నిజం కోసం రాశారో ఆ నిజానికి సినిమా కట్టుబడిందా అన్నదే అడగాల్సింది. 'మా భూమి' కట్టుబడింది. అందుకోసం రాఘవరావు రాత్రిని వదులుకుంది. ఆ రాత్రి చిన్నది కాదు, వదులుకుంటే లోటే. సినిమా చూసినవాళ్లు ఆ లోటు తెలుసుకోవాలంటే నవల చదవక తప్పదు. సారుతో నేను ఏకీభవించేది అంతవరకే. నవల చదివితేనే సినిమా చూసే అర్హత వస్తుందన్నట్టు ఆయన మాట్లాడటం నాకు నచ్చలేదు. పుస్తకం అందని తరాలు అట్లా ఎదురుచూస్తూనే పోయాయి.

ఉర్దూ సారు: తెలిసుడు మంచిదే బిడ్డా, కానీ తెల్వకపోవుట్ల ఒక బలమున్నది. రాఘవరావుకు 1951 తెల్వది. దొర కద్దరేసుకొని వస్తడని తెల్వది. పొలాలు మేల్కొన్నయని నమ్ముకుంట ఉరి కాడికి పోతడు. పదిహేనేండ్ల పిల్లలకు ముందుగాల ఓడిపోయిన కథ చెప్తవా, నమ్మకం చెప్తవా?

తెలుగు టీచర్: మా పిల్లలు సగం మంది ఇంట్ల అమ్మ బీడీలు చుడుతది, నాయన దుబాయిల ఉంటడు. ఓడుడు వాళ్లకు కొత్త కాదు సార్. ఎందుకు ఓడిపోయినమో ఎవ్వరూ చెప్పలేదు, అది కొత్త.

ఉర్దూ సారు: సరే, ఒక పని చెయ్యి. సినిమా చూపియ్యి. భూములు పంచేదాక చూపిచ్చి ఆపు. అక్కడికెల్లి నేను చదువుత. ఆ జైలు రాత్రి నా పుస్తకంల నుంచి తెలుగు చేసుకుంట వినిపిస్త. సైన్యం వచ్చుడు, రామయ్య పోవుడు వాళ్లు తర్వాత ఎప్పుడన్న చూసుకుంటరు.

తెలుగు టీచర్: మీరు రండి సార్, ఆ రాత్రి చదవండి, నేను కూడా పిల్లల మధ్యల కూసొని వింట. కానీ సినిమా ఆపను. దొర తిరిగొచ్చిన కాడనే వాళ్లు నన్ను ప్రశ్నలు అడుగుతరు. ఆ ప్రశ్నల కోసమే నేను ఈ సినిమా పెడుతున్న.